జనవాక్యం, న్యాయపీఠం: రాయ్‌పూర్ బడి నుంచి రాష్ట్రపతి భవన్ దాకా జస్టిస్ హిదయతుల్లా

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్ పక్కనే వెలసిన నవా రాయ్‌పూర్‌లో ఒక జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం ఉంది. 2003లో ఏర్పడిన ఆ సంస్థకు మహమ్మద్ హిదయతుల్లా పేరు పెట్టారు. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా సాగే రైలుమార్గం వెంట ఈ నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ పేరు సుపరిచితమే. అయితే ఆ పేరు గల మనిషి ఇదే నగరంలోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువుకున్నారనీ, ఆయన జీవితంలోని కీలక ఘట్టాలలో ముగ్గురు తెలుగు ప్రముఖులు ఆయనకు ఎదురయ్యారనీ ఎక్కువమందికి తెలియదు.

ఆయన భారత ప్రధాన న్యాయమూర్తిగా పనిచేశారు. తాత్కాలిక రాష్ట్రపతిగా, ఉపరాష్ట్రపతిగా కూడా బాధ్యతలు వహించారు. ఈ మూడు స్థానాలనూ నిర్వహించిన వ్యక్తి మన దేశ చరిత్రలో మరొకరు లేరు. సర్వోన్నత న్యాయస్థానం తీర్పులు వీధుల్లోనూ, ఎన్నికల సభల్లోనూ చర్చకు వచ్చిన కాలంలో ఆయన న్యాయపీఠంపై ఉన్నారు. ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం ఒకటి కోరుతుండగా రాజ్యాంగం మరొకటి చెబుతున్నదని తోచినప్పుడు న్యాయమూర్తి ఏం చేయాలి? హిదయతుల్లా ఉద్యోగ జీవితమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

హిదయతుల్లా 1905 డిసెంబరు 17న లక్నోలో జన్మించారు. తండ్రి ఖాన్ బహదూర్ హాఫిజ్ మహమ్మద్ విలాయతుల్లా ప్రభుత్వాధికారి, పేరున్న ఉర్దూ కవి. తాతగారు కాశీలో న్యాయవాది. ఇంటిలో చట్టం, కవిత్వం రెండూ ఉండేవి. 1922లో రాయ్‌పూర్ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో చదువు ముగించుకుని హిదయతుల్లా నాగపూర్‌లోని మోరిస్ కళాశాలలో చేరారు. 1926లో పట్టభద్రులయ్యారు. తరువాత ఇంగ్లండు వెళ్ళి కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలో ఆంగ్ల సాహిత్యం, న్యాయశాస్త్రం అభ్యసించారు. 1930లో లింకన్స్ ఇన్ నుంచి బారిస్టరు అయి తిరిగివచ్చి, అదే సంవత్సరం నాగపూర్‌లో న్యాయవాద వృత్తి ప్రారంభించారు.

ఆనాడు రాయ్‌పూర్ మధ్య పరగణాలు, బేరార్ రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం. నాగపూర్ ఆ రాష్ట్రానికి రాజధాని. నాగపూర్ న్యాయ కళాశాలలో పాఠాలు చెబుతూ, కోర్టులో వాదిస్తూ హిదయతుల్లా త్వరలోనే గుర్తింపు పొందారు. 1943లో రాష్ట్ర అడ్వొకేట్ జనరల్ అయ్యారు. 1946లో నాగపూర్ హైకోర్టు న్యాయమూర్తిగా నియమితులయ్యారు.

మరుసటి సంవత్సరమే దేశం విడిపోయింది, దానితోపాటు ఆ కుటుంబమూ విడిపోయింది. ఐ.సి.ఎస్. అధికారి అయిన అన్న మహమ్మద్ ఇక్రాముల్లా కొత్త దేశానికి వెళ్ళి పాకిస్తాన్ తొలి విదేశాంగ కార్యదర్శి అయ్యారు. తమ్ముడు నాగపూర్‌లోనే, తన న్యాయపీఠంపైనే ఉండిపోయారు. మతకల్లోలాల గాయాలు ఇంకా ఆరని 1948 మే నెలలో ఆయన పుష్పా షాను వివాహం చేసుకున్నారు. మతాలు వేరైన ఆ దాంపత్యం ఆయన జీవితాంతం నిలిచింది.

1954 డిసెంబరులో ఆయన నాగపూర్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1956 నవంబరు 1న భాషా ప్రాతిపదికన రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. అదే రోజున ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాయ్‌పూర్ జిల్లా కొత్త మధ్యప్రదేశ్‌లో భాగమైంది. ఆ రాష్ట్ర హైకోర్టు జబల్‌పూర్‌లో కొలువుదీరగా, దానికి తొలి ప్రధాన న్యాయమూర్తిగా హిదయతుల్లా బాధ్యతలు స్వీకరించారు. 1958 డిసెంబరు 1న సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఢిల్లీకి చేరారు.

సుప్రీంకోర్టులో ఆయన స్వభావాన్ని పట్టి చూపిన తీర్పు ఒకటి 1966లో వెలువడింది. బొంబాయి హైకోర్టులో ఒక వారపత్రికపై పరువునష్టం దావా నడుస్తుండగా, ఒక సాక్షి తన వాంగ్మూలం పత్రికల్లో రాకూడదని కోరారు. న్యాయమూర్తి అందుకు అంగీకరించారు. విలేకరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఎనిమిదిమంది విలేకరుల వాదన చెల్లదన్నారు. హిదయతుల్లా ఒక్కరే విభేదించారు. న్యాయస్థానం తలుపులు తెరిచి ఉండాలనీ, లోపల జరిగినది ప్రజలకు చేరకుండా ఆపే అధికారం న్యాయమూర్తికి ఆ రీతిన లేదనీ, న్యాయమూర్తి ఆదేశం సైతం పౌరుని ప్రాథమిక హక్కును భంగపరచవచ్చుననీ ఆయన అభిప్రాయం. కోర్టును గురించి ప్రజలు ఒక అభిప్రాయానికి రావాలంటే ముందు అక్కడ ఏం జరుగుతున్నదో వారికి తెలియాలి. వార్తా వృత్తిలో ఉన్నవారికి ఆ ఒంటరి స్వరం నేటికీ విలువైనదే.

1967లో వచ్చిన గోలక్‌నాథ్ తీర్పు కోర్టును దేశ రాజకీయాల నడిమధ్యకు తెచ్చింది. జమీందారీల రద్దు, భూసంస్కరణల చట్టాలను కోర్టుల నుంచి కాపాడేందుకు పార్లమెంటు అంతకుముందే రాజ్యాంగాన్ని పలుమార్లు సవరించింది. ప్రాథమిక హక్కులను తగ్గించేలా సవరణలు చేసే అధికారం పార్లమెంటుకు ఉందా అన్నది కోర్టు ముందున్న ప్రశ్న. పదకొండుమంది న్యాయమూర్తులలో ఆరుగురు లేదన్నారు, ఐదుగురు ఉందన్నారు. ఆ ఆరుగురిలో ఐదుగురి పక్షాన తీర్పు వ్రాసినవారు రాజమండ్రిలో జన్మించిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ఆరవవారు హిదయతుల్లా. ఆయన ఏకీభవిస్తూనే వేరుగా తీర్పు వ్రాశారు. ఒక్క స్వరం అటు మొగ్గి ఉంటే ఫలితం తారుమారయ్యేది.

ఆ తీర్పుపై వచ్చిన ప్రధాన విమర్శ, కోర్టు ఆస్తిపరుల కొమ్ముకాసిందన్నది. కానీ హిదయతుల్లా తన తీర్పులోనే ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల జాబితాలో చేర్చడం పొరపాటని స్పష్టంగా వ్రాశారు. ఆయన ఆందోళన భూముల గురించి కాదు, ఒక పార్లమెంటుకు దొరికిన మెజారిటీతో వాక్‌స్వాతంత్ర్యం, సమానత్వం వంటివి కూడా కరిగిపోవచ్చునన్న భయం ఆయనది. బయట జరిగిన వాదవివాదాల్లో ఈ సూక్ష్మభేదం దాదాపు కనుమరుగైంది. తీర్పులో ఏముందన్న దానికంటే, దానివల్ల ఎవరు గెలిచారన్న లెక్కే ఎక్కువమందిని ఆకర్షించింది.

ఆ అనుమానాలకు మరో కారణం తోడైంది. తీర్పు వెలువడి రెండు నెలలైనా గడవక ముందే, 1967 ఏప్రిల్ 11న, సుబ్బారావు ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలిచారు. జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. పౌరహక్కుల కోసం జీవితాంతం నిలబడిన న్యాయమూర్తిగా ఆయనకున్న కీర్తి చెక్కుచెదరనిది. అయినా న్యాయపీఠం దిగి నేరుగా ఎన్నికల బరిలోకి అడుగుపెట్టిన ఆ నిర్ణయం, ఆయన తీర్పును విమర్శించేవారికి ఒక ఆయుధాన్ని అందించింది.

1968 ఫిబ్రవరి 25న హిదయతుల్లా భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మూడు వారాలు గడవక ముందే ఆయన ధర్మాసనంపై ఉండగానే ఒక వ్యక్తి కత్తితో పీఠం వైపు దూసుకువచ్చాడు. పక్కనే ఉన్న జస్టిస్ ఎ.ఎన్. గ్రోవర్ గాయపడ్డారు. హిదయతుల్లా స్వయంగా కలియబడి ఆ వ్యక్తిని నిలువరించేందుకు ప్రయత్నించారు. ఆ ఉదంతం అంతటితో ముగిసింది. కోర్టుపై రాజకీయ ఒత్తిళ్ళు మాత్రం రోజురోజుకూ పెరుగుతూ వచ్చాయి.

1969 మే 3న రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగా కన్నుమూశారు. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి స్థానాలు రెండూ ఖాళీ అయితే ప్రధాన న్యాయమూర్తి ఆ బాధ్యత వహించాలని అదే నెలలో పార్లమెంటు చట్టం చేసింది. జులై 19న పద్నాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సుపై గిరి సంతకం చేశారు. మరునాడు రెండు పదవులకూ రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల బరిలోకి దిగారు. ఆ విధంగా జులై 20న సర్వోన్నత న్యాయస్థానపు అధిపతి రాష్ట్రపతి భవన్‌లో అడుగుపెట్టారు.

ఆ ఎన్నిక తెలుగువారికి మరపురానిది. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి. ప్రధాన ప్రత్యర్థి, బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించిన గిరి. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మనస్సాక్షి మేరకు ఓటు వేయమని తన పార్టీవారికి పిలుపునిచ్చారు. గిరి స్వల్ప ఆధిక్యంతో గెలిచారు. ఆ చీలిక నవంబరు నాటికి కాంగ్రెస్‌ను రెండు ముక్కలు చేసింది. ఈ పెనుగులాట సాగుతున్నంతకాలం, ఆగస్టు 24న గిరి ప్రమాణస్వీకారం చేసేవరకు, రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఏ పక్షానికీ చెందని ఒక న్యాయమూర్తి. జులై చివరలో అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఢిల్లీ వచ్చినప్పుడు దేశాధినేతగా స్వాగతం పలికినదీ ఆయనే.

ఆ ముప్పైఅయిదు రోజులకు ఒక మూల్యం చెల్లించవలసి వచ్చింది. బ్యాంకుల ఆర్డినెన్సు స్థానంలో పార్లమెంటు ఆమోదించిన చట్టానికి ఆగస్టు 9న తాత్కాలిక రాష్ట్రపతిగా ఆమోదముద్ర వేసినది హిదయతుల్లాయే. ఆ చట్టంపై సవాలు సుప్రీంకోర్టుకు వచ్చినప్పుడు పదకొండుమంది న్యాయమూర్తుల ధర్మాసనంలో ఆయన లేరు. తాను ఆమోదించిన చట్టంపై తానే తీర్పు చెప్పడం న్యాయధర్మానికి పొసగదు కదా. జస్టిస్ జె.సి. షా అధ్యక్షత వహించిన ఆ ధర్మాసనం 1970 ఫిబ్రవరి 10న పదిమంది అనుకూలంగా, ఒకరు వ్యతిరేకంగా ఆ చట్టాన్ని కొట్టివేసింది. ప్రభుత్వం నాలుగు రోజుల్లోనే మరో ఆర్డినెన్సు తెచ్చింది. పేదలకు అప్పులు అందించే పథకాన్ని కోర్టు అడ్డుకున్నదన్న ప్రచారం ఊరూరా సాగింది.

కోర్టుపై విమర్శ ఎంతవరకు సాగవచ్చునన్న ప్రశ్న కూడా అదే ఏడాది ఆయన ముందుకు వచ్చింది. కేరళ ముఖ్యమంత్రిగా ఉండగా ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ 1967లో ఒక విలేకరుల సమావేశంలో, న్యాయమూర్తులు వర్గ ప్రయోజనాలకు లోబడి ధనికుల వైపు మొగ్గుతారని విమర్శించారు. కేరళ హైకోర్టు దానిని న్యాయస్థాన ధిక్కారంగా పరిగణించి వెయ్యి రూపాయల జరిమానా విధించింది. అప్పీలుపై 1970 జులైలో హిదయతుల్లా తీర్పు వ్రాశారు. మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ రచనలను పరిశీలించి, నంబూద్రిపాద్ వారిని సరిగా అర్థం చేసుకోలేదని అందులో వ్యాఖ్యానించారు. ధిక్కారం జరిగిందని ధ్రువీకరిస్తూనే జరిమానాను యాభై రూపాయలకు తగ్గించారు.

ఈ తీర్పును అందరూ మెచ్చలేదు. 1966లో కోర్టు తలుపులు తెరిచి ఉండాలన్న న్యాయమూర్తి, కోర్టుల వర్గ స్వభావంపై ఒక రాజకీయ నాయకుడు వ్యక్తం చేసిన సైద్ధాంతిక అభిప్రాయాన్ని నేరంగా ఎలా చూడగలిగారన్న ప్రశ్న న్యాయమైనదే. జరిమానాను నామమాత్రం చేయడంలో ఆయనకూ కొంత సంకోచం ఉందేమోనని తోస్తుంది. ఇతరుల స్వేచ్ఛ విషయంలో ఉదారంగా ఉన్న న్యాయమూర్తికి సైతం తన సంస్థపైనే విమర్శ వచ్చినప్పుడు నిబ్బరం కష్టమవుతుందని ఈ ఘట్టం గుర్తుచేస్తుంది.

ఆ వాతావరణం ఎంత వేడిగా ఉండేదో చెప్పడానికి మరో ఉదంతం చాలు. 1970లోనే జస్టిస్ షాను తొలగించాలని కోరుతూ 199మంది లోక్‌సభ సభ్యులు స్పీకరు గురుదయాళ్ సింగ్ ధిల్లాన్‌కు వినతిపత్రం ఇచ్చారు. ఒక కేసు విచారణ సందర్భంగా ఆయన చేసిన వ్యాఖ్యలే ఆ ఫిర్యాదుకు ఆధారం. స్పీకరు దానిని తోసిపుచ్చారు.

చివరి పరీక్ష రాజభరణాల కేసు. స్వాతంత్ర్యం వచ్చాక తమ రాజ్యాలను భారతదేశంలో విలీనం చేసిన సంస్థానాధీశులకు ఏటా భరణం చెల్లిస్తామని కేంద్రం మాట ఇచ్చింది. ఆ హామీని రాజ్యాంగంలోనూ పొందుపరిచారు. రాయ్‌పూర్ చుట్టుపక్కల ఇది చిన్న విషయం కాదు. బస్తర్, కాంకేర్, రాయ్‌గఢ్, సర్గుజా వంటి పద్నాలుగు ఛత్తీస్‌గఢ్ సంస్థానాలు 1948 జనవరి 1న మధ్య పరగణాలలో కలిసినవే. రెండు దశాబ్దాల తరువాత, పేదరికం ఇంతగా ఉన్న దేశంలో రాజులకు భరణాలేమిటన్న భావన జనంలో బలపడింది. రద్దు చేసే సవరణ బిల్లు లోక్‌సభలో నెగ్గింది. 1970 సెప్టెంబరు 5న రాజ్యసభలో 149 మంది అనుకూలంగా, 75 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. మూడింట రెండు వంతుల మెజారిటీకి ఒక్క ఓటుకన్నా తక్కువ తేడా. బిల్లు వీగిపోయింది. వెంటనే రాష్ట్రపతి గిరి ఉత్తర్వు ద్వారా ప్రభుత్వం రాజులందరి గుర్తింపునూ ఒకేసారి రద్దు చేసింది.

గ్వాలియర్‌కు చెందిన మాధవరావ్ సింధియా ప్రభృతులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. పదకొండుమంది ధర్మాసనానికి హిదయతుల్లా అధ్యక్షత వహించారు. ఏ నిర్ణయం జనామోదం పొందుతుందో ఆయనకు తెలియనిది కాదు. 1970 డిసెంబరు 15న, తన పదవీ విరమణకు సరిగ్గా ఒక రోజు ముందు, ఆయనతో సహా తొమ్మిదిమంది ఆ ఉత్తర్వు చెల్లదని తీర్పు చెప్పారు. ఫలానా సంస్థానానికి పాలకుడెవరని గుర్తించేందుకు రాజ్యాంగం ఇచ్చిన అధికారాన్ని, ఆ వ్యవస్థనే తుడిచిపెట్టేందుకు వాడరాదన్నది దాని సారాంశం. సవరణ ద్వారా చేయలేకపోయిన పనిని ఒక ఉత్తర్వుతో చేయడం కుదరదన్నమాట.

ప్రజలు తమ జవాబు వేరుగా చెప్పారు. డిసెంబరు 27న లోక్‌సభ రద్దయింది. 1971 మార్చి ఎన్నికల్లో ఇందిరాగాంధీ పక్షం 352 స్థానాలు గెలిచింది. అదే ఏడాది రాజ్యాంగాన్ని సవరించి రాజభరణాలను రద్దు చేశారు. గోలక్‌నాథ్ తీర్పును అధిగమించే సవరణ కూడా ఆమోదం పొందింది. చూడబోతే కోర్టు ఓడిపోయింది. కానీ జరిగినదేమిటో మరొకసారి పరికించాలి. రాజ్యాంగం చూపిన దారిలో, ప్రజల తీర్పు తీసుకుని, పార్లమెంటులో కావలసిన మెజారిటీతో ప్రభుత్వం అదే లక్ష్యాన్ని సాధించింది. ప్రభుత్వం ఆ దారినే రావాలని కోర్టు పట్టుబట్టింది.

పదవీ విరమణ తరువాత హిదయతుల్లా ఏ పార్టీలోనూ చేరలేదు. 1973 ఏప్రిల్‌లో కేశవానంద భారతి తీర్పు వెలువడింది. గోలక్‌నాథ్ తీర్పును పక్కనబెడుతూనే, రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకు లేదని ఆ తీర్పు చెప్పింది. హిదయతుల్లా ఎంచుకున్న దారిని కోర్టు విడిచిపెట్టినా, ఆయనను వెన్నాడిన భయానికి మరో రూపంలో సమాధానం దొరికింది. ఆ వెంటనే ముగ్గురు సీనియర్ న్యాయమూర్తులను కాదని జస్టిస్ ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిగా నియమించినప్పుడు హిదయతుల్లా బహిరంగంగా విమర్శించారు. పదవిపై కన్నువేసి తీర్పులు చెప్పే న్యాయమూర్తులు ఇలాంటి పద్ధతి వల్ల తయారవుతారన్నది ఆయన హెచ్చరిక.

1979 ఆగస్టులో, న్యాయపీఠం దిగిన దాదాపు తొమ్మిదేళ్ళకు, పోటీ లేకుండా అన్ని పక్షాల సమ్మతితో ఆయన ఉపరాష్ట్రపతి అయ్యారు. అప్పటి రాష్ట్రపతి నీలం సంజీవరెడ్డి. పదేళ్ళ క్రితం ఏ ఎన్నికలో సంజీవరెడ్డి ఓడిపోయారో, ఆ ఎన్నిక జరిగినన్నాళ్ళూ రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది హిదయతుల్లాయే. ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించిన 44వ సవరణకు అదే ఏడాది ఏప్రిల్‌లో రాష్ట్రపతి సంజీవరెడ్డి ఆమోదం తెలిపారు. పన్నెండేళ్ళ క్రితం గోలక్‌నాథ్ తీర్పులో హిదయతుల్లా పొరపాటన్న అంశాన్ని ప్రజాప్రతినిధులే సరిదిద్దారు.

న్యాయమూర్తులు విరమణ తరువాత ఇటువంటి పదవులు స్వీకరించడం సమంజసమా అన్న ప్రశ్న ఆయనకూ వర్తిస్తుంది. పీఠం దిగడానికీ, పదవి చేపట్టడానికీ మధ్య గడిచిన కాలం, ఏ ఒక్క పార్టీ అభ్యర్థిగానూ నిలవకపోవడం ఆయన విషయంలో ఆ ప్రశ్న పదునును తగ్గించాయి. 1984 ఆగస్టు వరకు రాజ్యసభ అధ్యక్షునిగా ఉన్నారు. 1982 అక్టోబరులో రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ చికిత్సకై విదేశం వెళ్ళినప్పుడు మరోసారి రాష్ట్రపతి బాధ్యతలు వహించారు. 1992 సెప్టెంబరు 18న బొంబాయిలో తుదిశ్వాస విడిచారు.

2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక రాష్ట్రంగా అవతరించింది. మూడేళ్ళకు తన న్యాయ విశ్వవిద్యాలయానికి ఒకప్పటి రాయ్‌పూర్ విద్యార్థి పేరు పెట్టుకుంది. ఆ తరగతి గదుల్లో నేటి విద్యార్థులు గోలక్‌నాథ్ తీర్పునూ, రాజభరణాల తీర్పునూ, ఇ.ఎం.ఎస్. కేసునూ చదువుతారు. కొన్నింటితో ఏకీభవిస్తారు, కొన్నింటిని విమర్శిస్తారు. ఒక తీర్పు ఎవరిని గెలిపించిందన్న లెక్కను పక్కనపెట్టి, అందులో చూపిన కారణాలను తూచి చూడడమే ఆ న్యాయమూర్తికి తగిన నివాళి.